మునిరత్నమ్మ గుమ్మడికాయ పులుసు

దేవరాజులు చేతులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు రోత. తిరుపతిలో మేము పది కాపురాలవాళ్ళం అద్దెకున్న వరసిళ్ళకు ఆయన యజమాని. చిటికెనవేలి గోరు పెంచుకుని, దానితో చెవిలో గుబిలి తీసి పంచెకు తుడుచుకునేవాడు. ఏటా వెంకటేశ్వరస్వామికి ప్రీతైన పెరటాసి నెలలో ఒక శనివారం మునిరత్నమ్మ ఇంట్లో గుమ్మడికాయ కొట్టేవి ఆ చేతులే.

మునిరత్నమ్మ మా ఎదురింటామె. లాడ్జీలో గదులు ఊడ్చి, దుప్పట్లు ఉతికేది. పిల్లల్లేరు. మొగుడు కుప్పయ్య మూటలు మోసే పనికని రేణిగుంటకు పోయి, అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. మునిరత్నమ్మ నోరెత్తి ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఇంటి వెనక జానెడు నేలలో గుమ్మడి పాదు పెట్టి, మొదటి కాయను పులుసు చేసి, అన్నంతో పాటు ఆకులో వడ్డించి వెంకటేశ్వరస్వామికి తళిగ వేసేది. ఆ తర్వాత వరసిళ్ళన్నిటికీ తలా ఒక గిన్నె పంచేది.

మావైపు గుమ్మడికాయ ఇంటి పెద్దకొడుకుతో సమానం. నిండుకాయ మీద ఆడది కత్తి పెట్టకూడదు, వంశానికి చేటు అంటారు. మగవాడు ఒక్క దెబ్బ వేసి రెండు చెక్కలు చేస్తే, ఆ తర్వాత ఎంత తరిగినా తప్పులేదు. మా ఆయన చెంగయ్యను పంపితే క్షణంలో అయిపోయే పని. నేనే పంపలేదు. మొగుడు వదిలేసిన దాని గడప నా మొగుడు తొక్కితే నలుగురూ ఏమంటారో అని భయం. మిగతా ఇళ్ళ ఆడవాళ్ళదీ అదే తెలివి. అలా అందరం కలిసి ఆమెను దేవరాజులుకు వదిలేశాం.

ఎనభయ్యో సంవత్సరం కూడా అలాగే వచ్చాడు, నోటినిండా వక్కాకుతో. నేను మా గడపలో కూర్చుని బియ్యం చెరుగుతూ చూస్తున్నాను.

"కత్తి ఇట్ల తే మునిరత్నా" అన్నాడు. ఆమె మచ్చుకత్తి అందిస్తే, కత్తి తీసుకోకుండా మణికట్టు పట్టుకున్నాడు. "కాయ కొట్టేదానికేనా? ఇంక దేనికీ పిలవవా?" అని ఎర్రటి పళ్ళతో ఇకిలించాడు. నా చేతిలో చేట ఆగింది. అయినా లేవలేదు.

ఆమె చెయ్యి లాక్కుంది. "నువ్వు కొట్టొద్దు. లేసి పో."

"మరెవురు కొడతారు, నువ్వా? వంశం నాశనమైపోతాది సూడు!"

"నాకు వంశం యాడుండాది, నాశనమయ్యేదానికి?" అని ఒక్క వేటు వేసింది. కాయ రెండు చెక్కలైంది.

దేవరాజులు వీధిలో ఉమ్మి, "ఆడది కొట్టిన కాయ! తింటే మీ బిడ్డలకు మీరే పాడె కట్టినట్టు!" అని అందరికీ వినిపించేలా అరిచి పోయాడు.

ఆమె ముక్కలు తరిగింది. ధనియాలు, మెంతులు, ఎండుమిరపకాయలు వేయించి నూరి, చింతపండు, బెల్లం వేసి పులుసు కాచింది. ఇంగువ తాలింపు వాసనకు మా వరసంతా నోరూరింది. మధ్యాహ్నం తళిగ వేసి, హారతిచ్చి, గిన్నెలతో ఇల్లిల్లూ తిరిగింది. ఎవరూ వద్దనలేదు. నవ్వుతూ తీసుకుని, పెరట్లోకి పోయి కాలవలో పారబోశారు. నాకు ఇద్దరు మగపిల్లలు. నేనూ పారబోశాను. చేతులు కడుక్కుని పిల్లలకు మజ్జిగన్నం కలిపి పెట్టాను.

కాసేపటికి మునిరత్నమ్మ మా గడపలో నిలబడింది. ఆమె నోరు తెరవకముందే నేనే అందుకున్నాను.

"పులుసంటే నీదేమ్మే! ఉప్పూ పులుపూ అన్నీ సరిపోయినాయి. పిల్లోళ్ళు గిన్నె నాకేసినారు."

ఆమె గుప్పిట తెరిచింది. అరచేతిలో కల్లుప్పు. దేవుడికి పెట్టే వంట రుచి చూడరు కదా. ఉప్పు వేయడం మరిచిన సంగతి తాను తినడానికి కూర్చున్నప్పుడు గానీ ఆమెకు తెలియలేదు. అందరి గిన్నెల్లో తలా చిటికెడు వేసి పోదామని బయల్దేరింది.

"నాలుగిండ్లు తిరిగొస్తా ఉండానక్కా. అందురూ నీ మాదిరే సెప్పినారు" అంది.

తిట్టలేదు, ఏడవలేదు. కడిగి బోర్లించిన తన గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. నా మొహాన ఉమ్మేసి పోయినా బాగుండేది.