చేతిపట్టీ లిబోరియో

మా బారీ ఊళ్ళో లిబోరియోకు ఉన్న పిచ్చి ఒక్కటే, చేతిపట్టీ. నల్లచొక్కాల ఫాసిస్టుల దొరతనంలో నల్లపట్టీ కట్టి జనాన్ని ఊరేగింపుల్లోకి తోశాడు. మిత్రసేనలు దిగగానే తెల్లపట్టీ కట్టి అదే జనాన్ని రొట్టెల వరుసలోకి తోశాడు. మనిషి చెడ్డవాడేం కాదు. చేతికి ఆ గుడ్డముక్క లేకపోతే మాత్రం నోరు పెగలదు, అంతే.

యుద్ధం అయ్యాక మా సముద్రపు రోడ్డు మీద కారు పందేలు పెట్టారు. ఇళ్ళ కిటికీలకు అద్దాలు లేవు గానీ పందేనికి మాత్రం కొత్త తారు పోశారు. మలుపు దగ్గర జనాన్ని తాడు దాటనివ్వకుండా ఆపే పని లిబోరియోకు అప్పగించి పసుపు పట్టీ ఇచ్చారు. ఇక చూడాలి అతని నిక్కు. పక్కింటివాణ్ణైన నన్ను కూడా ఎవరో అన్నట్టు చూశాడు.

పందెం జోరు మీదుండగా రోడ్డుకు అవతల, వాళ్ళింటి బాల్కనీలోంచి భార్య ఫిలొమేనా కేకలు పెట్టింది. కూతురికి నొప్పులు మొదలయ్యాయి. జనం కబురు అందించగానే ముసలి మంత్రసాని చెచిలియా సంచీతో తాడు దగ్గరికి వచ్చింది.

"తప్పుకో లిబోరియో."

"పందెం అయ్యేదాకా ఎవ్వరూ దాటకూడదమ్మా."

"లోపలున్నది నీ కూతురయ్యా. కాన్పు కష్టమయ్యేట్టుంది."

"నేనేం చెయ్యను? కమిటీ వాళ్ళు ఒప్పుకోరు."

"నిన్ను మీ అమ్మ కడుపులోంచి బయటికి లాగినదాన్ని నేనేరా. అప్పుడు నీ చేతికి ఏ పట్టీ లేదు."

అంటూనే ఆ పట్టీ ఊడబెరికి తన చేతికి చుట్టుకుంది. కార్లు మలుపు దాటగానే చెయ్యెత్తి దర్జాగా నడిచిపోయింది. అవతలి పోలీసు పట్టీ చూసి సలాం కొట్టి తాడు ఎత్తాడు.

లిబోరియో వెనకాలే అడుగేశాడు. ఇవతలి పోలీసు కాలరు పట్టుకున్నాడు.

"పట్టీ ఏది పెద్దాయనా?"

"అది నా ఇల్లు బాబూ. నా కూతురు..."

"అందరూ ఇదే చెబుతారు. వెనక్కి నడు."

మలుపులో కార్లకు అడ్డుగా పెట్టిన గడ్డిమోపు మీద లిబోరియో కూలబడి ఏడ్చాడు. బాల్కనీలో ఫిలొమేనా ఏదో అరుస్తోంది, ఇంజన్ల మోతలో ఒక్క ముక్కా వినబడదు. కూతురు బతికిందో లేదో తెలియక అతను అల్లాడిపోతుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

పందెం ముగిసి మోత ఆగాక ఫిలొమేనా మాట వినబడింది. తల్లీబిడ్డా క్షేమం, ఆడపిల్ల. తాళ్ళు విప్పేశారు. జనమంతా గెలిచినవాడి వైపు ఉరికారు. లిబోరియో మాత్రం లేవలేదు.

"ఇంకా కూర్చున్నావేం? పద, మనవరాల్ని చూద్దువుగాని" అన్నాను.

కళ్ళు తుడుచుకుని నా వట్టి చేతుల వంక చూశాడు.

"నువ్వు చెబితే ఎలా? ఆ పోలీసును చెప్పమను."