టొక్ అంటే చూసే చిరుత

మా మామయ్య ఫోటోగ్రాఫర్. అడవిలో పక్షుల్నీ చిరుతల్నీ తీస్తానని చెప్పుకోవడం ఆయనకు ఇష్టం. ఇల్లు గడిచేది మాత్రం పాస్‌పోర్ట్ ఫోటోల మీద. మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కున్న గది, గోడకి నీలం తెర, కూర్చున్న ప్రతివాళ్ళనీ కిర్రుమని విసుక్కునే స్టూలు, ఇదీ స్టూడియో. నేను ఆయన మేనకోడల్ని. వచ్చినవాళ్ళకి దువ్వెన అందించడం, కంప్యూటర్లో వాళ్ళ మొటిమలు చెరపడం నా పని.

చంటిపిల్లల్ని తీయడంలో మామయ్యది అందె వేసిన చెయ్యి. గుక్కపట్టి ఏడ్చే పిల్లయినా, అమ్మ భుజంలో ముఖం దాచుకున్న పిల్లాడయినా, ఆయన కెమెరా వెనక నుంచి నాలుకతో 'టొక్' మనిపిస్తే చాలు, ఠక్కున ఇటు తిరిగి చూసేవాళ్ళు. ఊళ్ళో పిల్లలందరికీ ఆయన టొక్ మామ.

సెలవు దొరికితే అడవికి పోయేవాడు. నేనూ వెనక తగులుకునేదాన్ని. లకుముకి పిట్ట కోసం వాగు ఒడ్డున కూర్చున్నాడంటే, ముక్కు మీద ఈగ వాలినా తోలుకునేవాడు కాదు. "ఆ ఓపికలో పావు వంతు నా మీద పెడితే, నేనూ ఫోటోల్లో మనిషిలా పడేదాన్ని" అనేది అత్తయ్య.

పిట్టలు సరే, చిరుత దగ్గరే ఆయన పప్పులు ఉడికేవి కావు. అదొక ఆడచిరుత. వాగుకి వచ్చి నీళ్ళు తాగేది, ముఖం మాత్రం ఇటు తిప్పేది కాదు. దాని తోక ఫోటోలు మా ఇంట్లో పెట్టెడు ఉన్నాయి. ఒకసారి మాటులో కూర్చుని ఉండగా, స్టూడియో అలవాటు కొద్దీ, ఆయన నాలుక 'టొక్' మంది. చిరుత ఒక్క దూకులో పొదల్లో పడింది. తరవాతిసారి దూకలేదు, ఆగి చెవులు రిక్కించింది. ఆ చప్పుడు వల్ల తనకి ఏ హానీ లేదని మెల్లగా దానికి అర్థమైంది. మామయ్య టొక్ మంటే తలెత్తి నేరుగా చూడడం నేర్చుకుంది. ఆ తరవాత కూనని కూడా వెంట తెచ్చుకుంది. తల్లీ పిల్లా పక్కపక్కన కూర్చుని కెమెరా వైపు చూస్తున్న ఫోటోకి బహుమతి వచ్చింది. దాన్ని పెద్దది చేయించి స్టూడియో గోడకి తగిలించాడు.

"ఎంత నమ్మకంగా చూస్తోందో చూడవే" అనేవాడు, వచ్చినవాళ్ళు వినేలా. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

ఆ నమ్మకమే దాన్ని చంపింది.

అడవి గార్డు ఒక మధ్యాహ్నం స్టూడియోకి వచ్చాడు. స్టూలు మీద కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ ఫోటో వైపు చూడకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"క్వారీ దగ్గరండీ. రాళ్ళు మోసే కంచరగాడిదలు ఉంటాయి కదా, వాటిని తోలేవాడు నాలుకతో టొక్ టొక్ మని అదిలిస్తుంటాడు. ఆ చప్పుడికి పొదల్లోంచి బయటికొచ్చింది. జనం గోల పెట్టారు. రాళ్ళు తీశారు, గునపాలు తీశారు. అయినా పారిపోలేదండీ. అలా నిలబడి వాడి ముఖంలోకే చూసింది. ఫోటో దిగుతున్నట్టే."

మామయ్య చేతిలో కెమెరా లెన్సు మూత ఉంది. దాన్ని పెడుతూ తీస్తూ ఉండిపోయాడు.

"దానికి మనిషంటే భయం పోగొట్టింది ఎవరే?" అన్నాడు నాతో.

"నువ్వు కాదులే మామయ్యా" అన్నాను. నా మాట నాకే చేదుగా తగిలింది.

గార్డు గొంతు సవరించుకున్నాడు. "కూన బతికే ఉందండీ. వేటాడడం వచ్చింది, ఒంటరిగా తిరుగుతోంది. కానీ దానికీ ఆ చప్పుడంటే భయం లేదు. క్వారీ వాళ్ళు ఊరుకోరు. మీరు నేర్పారు, మీరే మాన్పించాలి."

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. కెమెరా లేకుండా మామయ్య అడవికి పోవడం నేను చూడడం అదే మొదలు. చేతిలో ఖాళీ నూనె డబ్బా, ఒక కర్ర. వాగు దగ్గర పాత మాటులోనే కూర్చున్నాం. గార్డు మా వెనక నిలబడ్డాడు. మామయ్య కళ్ళు మూసుకుని 'టొక్' మనిపించాడు.

కూన వచ్చింది. ఏపుగా ఎదిగింది, ముఖం మాత్రం ఇంకా పసిదే. ఎదురుగా రాతి మీద కూర్చుని చూసింది. మామయ్య లేచి డబ్బా మీద దబదబా బాదాడు, అరిచాడు. నేనూ గొంతు చించుకున్నాను. అది ఉలిక్కిపడింది గానీ కదల్లేదు. ఇదేదో కొత్త ఆట అనుకుందో ఏమో.

"రాయి తీసుకోండి" అన్నాడు గార్డు. "దెబ్బ తగలకపోతే దానికి తెలీదు."

పక్షి గూడు దగ్గర చిటికెన వేలంత కొమ్మ విరిచినా నన్ను తిట్టిన మనిషి రాయి తీశాడు. మొదటిది కావాలనే పక్కకి వేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "సరిగ్గా వెయ్యి మామయ్యా! నువ్వు జాలిపడితే దాని ప్రాణం పోతుంది!" అని అరిచాను. రెండోది దాని ముందుకాలికి తగిలింది. కూన కీచుమని అరిచి, కుంటుకుంటూ పొదల్లోకి పోయింది.

మామయ్య చతికిలబడ్డాడు. "గట్టిగా తగిలిందా?"

"తగిలింది. ఇంక రాదు" అన్నాను. ఆయన ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపులో కాస్త ఊరట కూడా ఉందనిపించింది నాకు. డబ్బా తీసుకుందామని వంగాను.

తలెత్తేసరికి కూన అక్కడే ఉంది. రాతి మీదికి మళ్ళీ ఎక్కింది. దెబ్బ తగిలిన కాలిని నేలకి ఆనించకుండా ఎత్తి పట్టుకుంది.

"పోవే" అన్నాడు మామయ్య. "పోవే తల్లీ, నీకు దణ్ణం పెడతా, పో."

గార్డు ఆయన చేతిలో ఇంకో రాయి పెట్టాడు. మామయ్య దాన్ని పట్టుకున్నాడు, విసరలేదు. కూన తల కాస్త పైకెత్తి, ఫోటో తీసేదాకా కదలకూడదన్నట్టు, మా వైపే చూస్తూ కూర్చుంది.