కార్డు లేకుండా మోగిన గంట

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదట్నుంచీ నవ్వే. రేడియో తనంతట తనే మాట్లాడుతోందని ఎవరైనా పట్టుకొస్తే, లోపల ఎక్కడో టంకం వదులైందని విప్పకుండానే చెప్పేవాణ్ణి. ఈ సంగతి కూడా అలాగే కొట్టిపారేద్దామనుకున్నాను. కుదరలేదు.

ఎనభైల మొదట్లో అరకులో నాకు రేడియో రిపేరు షాపు ఉండేది. నా భార్య సరోజ గెడ్డ అవతలి ఊళ్లో టీచరు. రోజూ ఆ వాగు నీళ్లలో దిగి దాటాల్సిందే. పై కొండల్లో వాన పడితే, కింద ఎండ కాస్తున్నా సరే, ఉన్నట్టుండి గెడ్డ పొంగుతుంది. ఆ భయంతోనే ఎగువన రెండు రాగి కడ్డీలు పాతాను. నీళ్లు వాటిని తాకితే, వైజాగ్ నుంచి తెచ్చిన ఐసీ చిప్పుతో నేను చేసిన సర్క్యూట్ కార్డు, దాటే రేవు దగ్గర గంట మోగిస్తుంది.

మంచు పట్టే రోజుల్లో కార్డుకి చెమ్మ చేరేది. ఊడదీసి షాపులో బల్బు కింద ఆరబెట్టేవాణ్ణి. అప్పుడు గంట పనిచెయ్యదని తెలిసేలా రేవులో ఎర్రగుడ్డ కట్టడం మా కట్టుబాటు.

ఆ రోజు సరోజ బడికి వెళ్లాక కార్డు తీసుకొచ్చాను. ఛార్జింగుకని గంట బ్యాటరీ కూడా. గుడ్డ కట్టే వచ్చాను. మధ్యాహ్నానికి మంచు దిగి షాపు ముందున్న రోడ్డే మాయమైపోయింది. నిద్రో మెలకువో తెలియని మత్తు నాకు. ఎక్కడో దూరంగా గంట వినిపించింది. బల్బు కిందున్న కార్డును చూసి, కలే అనుకున్నాను.

సాయంత్రం సరోజ ఒళ్లంతా బురదతో వచ్చింది. తోడుగా ఆ ఊరి బుద్రి. మంచులో వాళ్లకి గుడ్డ కనపడలేదట. గంట మోగలేదు కదా అని నీళ్లలో దిగారట. అప్పుడు మోగిందట.

"టీచరమ్మని సెయ్యట్టుకుని ఎనక్కి లాగీసినాను. గట్టెక్కినామో లేదో, గెడ్డ ఎర్రగా వచ్చీసింది. నీళ్లు తగ్గినాక దాటొచ్చినాం" అంది బుద్రి.

"మీ గంటే లేకపోతే నేనీపాటికి లేనండీ" అని సరోజ మురిసిపోతోంది.

 కార్డూ బ్యాటరీ ఆమెకి చూపించాను.

"మరైతే మేం విన్నదేటండీ?" అంది సరోజ.

బుద్రికి అదేం వింతగా తోచలేదు. "సలేత్తంది బాబూ, టీ ఇప్పించు" అంది.

మర్నాడు వెళ్లి చూశాను. రేవులో కార్డు ఉండే పెట్టె ఖాళీ, వైర్ల కొసలు నేను వదిలినట్టే ఉన్నాయి. వైరింగంతా తరచి తరచి చూశాను. కరెంటు లేకుండా ఆ గంట మోగే దారి నాకు ఈనాటికీ దొరకలేదు.

ఆ తర్వాత సరోజకి గెడ్డంటే భయం పోయింది. నాకు మాత్రం గంట మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. ఆమెకి బదిలీ అయ్యేదాకా రోజూ షాపు మూసేసి వెళ్లి, నీళ్లలో దిగి, చెయ్యి పట్టుకుని నేనే దాటించాను.