వదిన చెప్పిన ఇంగ్లీషు

డిగ్రీ అయిపోయి, జగదల్‌పూర్ హాస్టల్ ఖాళీ చేసి భోపాల్‌పట్నం వచ్చిన ఏడాది నేను ఎం.ఏ. ప్రవేశ పరీక్షకు సిద్ధపడ్డాను. సోషల్ వర్క్ చదవాలని నా కోరిక. సబ్జెక్టు గురించి దిగులు లేదు. దిగులంతా ఇంగ్లీషు గురించే. మాది సరిహద్దు ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో దోర్లీ, గోండీ. ఇంగ్లీషు మాత్రం ఎవరి నోటా వినలేదు. అది పుస్తకంలో ఉండేది, అంతే.

వసారాలో కూర్చుని పాత ప్రశ్నపత్రాల పుస్తకం పైకి చదివేదాన్ని. తెలియని మాట రాగానే ఫోన్‌లో హిందీ అర్థం వెతికేదాన్ని. పేరా చివరికి వచ్చేసరికి మొదట ఏముందో మరిచిపోయేదాన్ని. మళ్ళీ మొదటికి. ఏడుపొచ్చేది.

ఒక పొద్దున వదిన అదే వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను ఒక వాక్యం దగ్గర ఆగి ఆగి చదువుతుంటే తల ఎత్తకుండానే అంది:

"అట్ల మాటమాటకు ఆగకు పిల్లా. ఒక్కసారి చివరిదాకా పో. తెలియని మాటకు పక్క మాటలే అర్థం చెప్తయి."

ఆ వాక్యాన్ని తనే మొత్తం చదివి వినిపించింది. ఎక్కడా తడబడలేదు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చి రెండేళ్లు దాటింది. నది అవతల, ఏటూరునాగారం వైపు పిల్ల. గురుకులంలో ఇంగ్లీషు మీడియంలో ఇంటర్ దాకా చదివిందని పెళ్లిచూపులప్పుడు అనుకున్నారు. ఆ తర్వాత ఆ సంగతితో ఎవరికీ పని పడలేదు.

ఆ రోజు నుంచి ఆమె నాకు చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున వంట అయ్యాక, అన్న అన్నానికి వచ్చేలోపు. ఒకసారి నదుల మీద పేరా వచ్చింది. వరద వల్ల పొలానికి ఏమవుతుందని ప్రశ్న. నేను వెంటనే 'భూమి కొట్టుకుపోతుంది' అన్నదానికి టిక్కు పెట్టాను. తప్పు. ఒండ్రు వచ్చి నేల బలపడుతుందన్నది జవాబు.

"మొన్నటేడు ఇంద్రావతి మన గట్టు చేను కోసుకపోలేదా వదినా?"

"పోయింది. కానీ ఈ పేరాల పోలే. రాసినాయన ఏం చెప్పిండో అదే రాయాలె. నీకు తెలిసింది పక్కన పెట్టు."

"తెలిసింది ఎట్ల పక్కన పెడ్తరు?"

"పరీక్ష అయ్యేదాకా పెట్టు తల్లీ" అని నవ్వింది. ఆమె అంతగా నవ్వడం నేను అప్పటిదాకా చూడలేదు. నేను ఒక ప్రశ్న చదివేలోపు ఆమె జవాబు చెప్పేసేది. ఒక్కోసారి నాకు చిన్నతనంగా కూడా ఉండేది.

ఇంకో పేరాలో ఒక లైట్‌హౌస్ కాపలాదారు ఉన్నాడు. ఆ దీపం ఆర్పేస్తారని అతనికి తెలుసు. అతని స్వరం ఎలాంటిదని ప్రశ్న. జవాబు 'రిజైన్డ్' అని ఉంది. రిజైన్ అంటే ఉద్యోగం మానేయడమని నాకు తెలుసు.

"వీడు మానెయ్యలేదు గదా?"

వదిన చేతిలోని మిరపకాయను చేటలో వేసింది.

"ఇంక ఏం చేసినా మారదని తెలిసి ఊకోవడం. కోపం కూడా రాదు" అంది. ఆ పేజీ తనే తిప్పింది.

అన్నకు బజారులో మోటారు సైకిల్ సామాన్ల దుకాణం ఉంది. ఒక మధ్యాహ్నం అతను ముందుగానే వచ్చాడు. మేమిద్దరం ఒక పేరా మీద వాదించుకుంటున్నాం. వదిన ఇంగ్లీషులోనే గలగలా ఏదో చెప్పి నవ్వుతోంది. అన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంది, నన్ను చూసి నవ్వుతున్నరా?"

"నిన్నెందుకు నవ్వుతమన్నా, చదువుకుంటున్నం."

"నాకు రాని భాషల నా ఇంట్ల నవ్వితే ఏమనుకోవాలె?"

నిజానికి అన్న మంచివాడే. నన్ను జగదల్‌పూర్ పంపాలని నాయనతో పోట్లాడింది అతనే. తను పదో తరగతితో ఆపేసి దుకాణంలో కూర్చున్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని ముఖంలో కోపం కంటే భయమే ఎక్కువ కనిపించింది. కానీ వదిన లేచి లోపలికి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి నేను ఒక్కదాన్నే చదువుకున్నాను.

కొన్నాళ్లకు వదిన బోరింగు దగ్గర బట్టలు పిండుతూ అడిగింది.

"ఆ పరీక్ష నేను రాయొచ్చా?"

"డిగ్రీ ఉండాలె వదినా."

"అయితే ముందు డిగ్రీ కట్టాలె. ఇంట్ల ఉండి కూడా కట్టొచ్చంట గదా."

ఆ సాయంత్రం అందరం అన్నాలు తింటుంటే ఆమె ఆ మాటే అన్నతో చెప్పింది. మెల్లగా, అందరికీ వినపడేలా. అన్న ముద్ద కంచంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని బయటకు వెళ్లిపోయాడు. అమ్మ "ఇప్పుడెందుకే బిడ్డా ఇయ్యన్ని" అంది. నాయన తల వంచుకుని తిన్నాడు.

నేను అన్న వెనకే వెళ్లాను. బండి మీద కూర్చుని ఉన్నాడు.

"నాకొచ్చిన నాలుగు ముక్కలు వదిన చెప్పినయే అన్నా."

"నువ్వు పోతవు" అన్నాడు. "ఆమె కూడా చదువుకుంటే, రేపు ఈ దుకాణం, ఈ మిరపచేను, నేను... ఏం ఆనుతం ఆమె కంటికి?"

నేను లోపలికి వచ్చి కంచాలు తీశాను.

పరీక్ష జగదల్‌పూర్‌లో, కంప్యూటర్ మీద. తోడుగా అన్నే వచ్చాడు. బస్సు బీజాపూర్ దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు.

"నిజంగ ఆమెకు అంత వస్తదా?"

"నాకంటే బాగా వస్తది."

నా పుస్తకం తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. తెరిచాడు గానీ ఎక్కువసేపు చూడలేదు.

ఇంగ్లీషు భాగంలో నాకు సమయం చాలలేదు. చివరి పేరా సగంలో ఉండగానే స్క్రీన్ ఆగిపోయింది. బయటికి వచ్చి ఏడ్చాను. కోరుకున్న చోట సీటు రాలేదు. రాయ్‌పూర్‌లో వచ్చింది, అదీ రెండో జాబితాలో.

సీటు వచ్చిన రోజు అన్న స్వీట్లు తెచ్చాడు. అందరి ముందూ వదినతో "నువ్వు కూడా డిగ్రీ కట్టు. ఫీజు నేను చూసుకుంట" అన్నాడు. ఆ మాట కోసం అతను ఎన్నాళ్లు గింజుకున్నాడో నాకు తెలుసు. వదిన మిఠాయి పొట్లం విప్పుతూనే, "ఇప్పుడొద్దు" అంది.

ఆ తర్వాత వంటింట్లో ఆమెను పట్టుకుని అడిగాను. అంతగా కోరుకుని ఇప్పుడెందుకు వద్దన్నావని.

"నేను అడిగిన నాడు కంచం ముందల నుంచి లేచిపోయిండు. ఈరోజు నీ సంబరంల ఇచ్చిండు. నాకు ఇట్ల వద్దు."

"అన్న మనసు మారింది వదినా."

"మారనీ. నాది కూడా మారాలె గదా."

నేను రాయ్‌పూర్ వచ్చేశాను. ఇక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. మొదటి నెలల్లో ఒక్క ముక్క అర్థం కాక, గదిలో కూర్చుని పేరా చివరిదాకా ఆగకుండా చదవడం మళ్ళీ నేర్చుకున్నాను. సెలవుల్లో ఇంటికి వెళ్తే వదిన వంట, చేను, అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుతుంది. చదువు సంగతి ఎత్తితే బియ్యం చెరగడానికి లేస్తుంది. అన్నకూ ఆమెకూ మధ్య గొడవేమీ లేదు. ఇద్దరూ అతి మర్యాదగా ఉంటారు. అది చూస్తే నాకు గొడవే నయమనిపిస్తుంది. ఆమెది పంతమో, నొచ్చుకోవడమో, అసలు కోరికే ఆరిపోయిందో నాకు తెలియడం లేదు. పుస్తకం పట్టుకుని ఆ వసారాలో నేను చదవకపోయి ఉంటే వదిన ఎలా ఉండేదోనని ఆలోచిస్తాను. అంతకుముందు మాత్రం ఆమె సుఖంగా ఉందని ఎలా అనగలను?

మొన్న అన్న ఫోన్ చేశాడు. ఇంటి దగ్గర ఉండి చదివే డిగ్రీకి ఫారాలు ఎప్పటిదాకా తీసుకుంటారని అడిగాడు.

"వదిననే అడుగన్నా. వద్దంటే మళ్లొకసారి అడుగు" అన్నాను.

దుకాణానికి గిరాకీ వచ్చిందని ఫోన్ పెట్టేశాడు.