కరెంటు పోయిన పొద్దు ఎవరిది

2023 ఎండాకాలం. పాపిరెడ్డిపట్టి బస్టాండు వెనక మోటారు రివైండింగు, స్టార్టర్ల రిపేరు నా పని. ఈ తాలూకాలో నా చెయ్యి పడని మోటారు లేదని చెప్పుకుంటాను. ఉన్నాయి, చాలానే ఉన్నాయి. ఇప్పుడు చెప్పే గొడవ మాత్రం నా చేతుల మీదుగానే నడిచింది.

మా పక్క ఒకే బావిలో అన్నదమ్ములందరికీ వాటాలుంటాయి. ఒక్కొక్కరికి ఇంత సేపని వంతు. దాన్ని మురై అంటాం. ఒకరి మురైలో కరెంటు పోతే, పోయిన పొద్దును వాళ్ల తర్వాతి మురైకి కలిపి ఇవ్వాలి. ఎంతసేపు పోయిందన్న దగ్గరే తలలు పగిలేవి. పక్కూరు ఏ. పళ్లిపట్టిలో మా బంధువుల పిల్ల జయంతి, ఇంజనీరింగు చదివింది, దీనికొక ప్రోగ్రాము రాసింది. స్టార్టరు పక్కన చిన్న డబ్బా పెడితే, మురై మార్చడమూ పోయిన పొద్దు కలపడమూ అదే చూసుకుంటుంది. ప్రోగ్రామును ఓపెన్ సోర్స్‌గా పెట్టింది. అంటే ఎవరైనా చూడవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అడిగేవాడు లేడు. డబ్బాలు బిగించింది నేను. వందల బావులకు బిగించానని మొన్నటిదాకా చెప్పాను. వందలు కాదు, రెండు చేతుల వేళ్లకు కాస్త ఎక్కువ.

అంతలో జయంతికి నోటీసు వచ్చింది. పంపులమ్మే ఒక పెద్ద కంపెనీది. పోయిన పొద్దును తర్వాతి వంతుకు కలిపే పద్ధతికి తమకు పేటెంటు ఉందట, ప్రోగ్రాము తీసేయాలట. పేటెంటు అంటే కొత్తగా కనిపెట్టినవాడికి ప్రభుత్వం కొన్నేళ్లపాటు ఇచ్చే హక్కు. మన దేశంలో ఒట్టి ప్రోగ్రాముకు అది ఇవ్వరు కనుక డబ్బాతో కలిపి రాయించుకున్నారు. కనిపెట్టారట! మా బావిగట్ల మీద కూర్చుని!

డబ్బా చూడాలని కంపెనీ వకీలు ఆ ఊళ్లో ఒక బావి దగ్గరికే వచ్చాడు. హొసూరు మనిషి, తెలుగు బాగా వచ్చు. ఆయన్ని ఇంగ్లీషులో ఉతికి బస్సెక్కించానని మా వీధిలో చెబుతుంటాను. ఆయన వచ్చింది కారులో. నేనన్నది "కాఫీ తాగుతారా సార్" అని ఒక్క మాట. నిలబడి అడిగింది ఆ బావిలో వాటాదారు, జయంతి మేనత్త లక్ష్మమ్మ.

"ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడే కాలంలోనే మా మామ ఇట్లా కలిపి ఇచ్చినాడు సామీ. తాడు తెగితే ఆ పొద్దు మళ్లీ వచ్చే మురైలో కలిసేది. అప్పటికి మీ కంపెనీ పుట్టిండెనా?"

"పుట్టలేదమ్మా," అని నవ్వాడు. "మీరు చెప్పేది నిజమే కావచ్చు. ముందునుంచే వాడుకలో ఉన్నదాన్ని ప్రయర్ ఆర్ట్ అంటారు. అది రుజువైతే పేటెంటు కొట్టేస్తారు. చెన్నైలో కేసు వేసుకోండి. కొన్నేళ్లు పట్టవచ్చు."

"ఏండ్లా? అంతదాకా నా చెరుకుకు నువ్వొచ్చి నీళ్లు కడతావా?"

ఆయనకు కోపం రాలేదు. నాకు మండింది అక్కడే. అబద్ధమని వాదించి ఉంటే కొట్లాడేవాళ్లం. నిజమేనని ఒప్పుకుని, కాఫీ తాగి, గ్లాసు కూడా ఆయనే కడిగి పెట్టి వెళ్లాడు.

వారం తిరగకుండా జయంతి నా షాపుకు వచ్చింది.

"పొద్దు కలిపే భాగం తీసేస్తే మిగతాది ఉండనిస్తామంటాండారు మామా."

"తీయొద్దు! ఇల్లు అమ్మైనా కేసు నడిపిస్తాను."

"అత్త పేరున ఉండే ఇల్లా?"

ఇల్లు నా పెళ్లాం పేరునే ఉంది మరి. ఆ పిల్ల కంట నీళ్లు పెట్టుకోలేదు. "నేను దొంగిలించలేదు కదా మామా? మనది మనం రాసుకుంటే దొంగలమా?" అని మాత్రం అడిగింది. ఆ సాయంత్రమే ఆ భాగం తీసేసింది. బావి బావికీ తిరిగి డబ్బాల్లో కొత్త ప్రోగ్రాము ఎక్కించింది నేనే. ఇన్నేళ్లలో పాడైనవాటిని బాగుచేశాను గాని, బాగున్నదాన్ని చెడగొట్టడం అదే మొదలు.

ఆ పేటెంటు సరైనదని ఏ జడ్జీ చెప్పలేదు. తప్పని కూడా చెప్పలేదు. వాళ్లకు గెలుపుతో పని లేదు, మనం చెన్నై దాకా పోలేకపోతే చాలు. ఈ గొడవ నాకు నేర్పింది అంతే. ఇప్పుడు కొత్తగా డబ్బా బిగించేటప్పుడు వాటాదారులందరినీ పిలిచి ఒక మాట చెబుతాను:

"కరెంటు పోతే ఆ పొద్దు మీరే కలుపుకోండప్పా. ఈ డబ్బాకు చేతనవును. చేయకూడదు, అంతే."