ఆపరేషన్ రోజు ప్రభు భోజనం

సికింద్రాబాద్‌లో ఒక ట్రస్టు ఆస్పత్రిలో మత్తు డాక్టరుగా నా చివరి పోస్టింగ్. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో ఒక శనివారం ఉదయం తొమ్మిదింటికి మొదటి కేసు దానమ్మ టీచర్. ఎనభై మూడేళ్ళు, బన్సీలాల్‌పేట్ వాసి. గురువారం సాయంత్రం బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు.

ముసలివాళ్ళకు తుంటి విరిగితే ఎముక కంటే మంచమే పెద్ద శత్రువు. రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి లేపి నిలబెట్టాలి. ఆలస్యమైన కొద్దీ ఛాతీలో నెమ్ము చేరుతుంది, వీపు పుళ్ళు పడుతుంది. టీచర్‌గారికి అసలే ఉబ్బసం. అందుకని వెన్నులో సూది వేసి నడుము కింద మొద్దుబార్చాలని నిర్ణయించాను. అది సరిగా పట్టకపోతే పూర్తి మత్తు తప్పదు. అప్పుడు కడుపులో తిండి ఉంటే పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ వయసులో మనిషి దక్కడం కష్టం. గట్టి పదార్థం తింటే ఆరు గంటలు ఆగాలన్న నియమం అందుకే.

రాత్రి పది నుంచి ఏమీ ఇవ్వలేదని వార్డు సిస్టర్ కేసు షీటులో రాసింది. కూతురు సుగుణ కూడా అదే చెప్పింది. అయినా నాకో చాదస్తం, టేబుల్ మీద పడుకోబెట్టాక రోగినే ఇంకోసారి అడుగుతాను. జూనియర్లు వెనక నవ్వుకునేవారు. నవ్వుకోనీ.

ఏమీ తినలేదమ్మా అన్నారు టీచర్‌గారు. మొహం ఎంత నెమ్మదిగా ఉందో! భయం లేదా అని అడిగాను.

“భయమెందుకు డాక్టరమ్మా? పొద్దున్నే ప్రభు భోజనం తీసుకున్నాను.”

సూది పక్కన పెట్టేశాను. నెమ్మదిగా అడిగితే అంతా చెప్పారు. ఏడింటికి పాస్టరయ్యగారు వచ్చి, ప్రార్థన చేసి, రొట్టె విరిచి తల్లికీ కూతురికీ చెరో ముక్క ఇచ్చారట. మిగిలింది పారెయ్యకూడదు గనక అర బన్ను దాకా ఈవిడే తినేశారట. వార్డు సిస్టర్ తెర లాగి, తల వంచుకుని బయట నిలబడిందట.

ఒళ్ళు మండిపోయింది. సిస్టర్‌ని నాలుగు మాటలు అన్నాను కూడా. కానీ నేనూ క్రైస్తవ సంఘంలో పుట్టినదాన్నే. మా అమ్మను అడిగినా ఏమీ తినలేదనే చెప్పేది. ప్రభు భోజనాన్ని మావాళ్ళెవరూ తిండి కింద లెక్కెయ్యరు. కడుపుకేం తెలుసు ఆ సంగతి?

ఒంటిగంట లోపు సూది వెయ్యనని ఎముకల డాక్టర్ నర్సింగ్‌రావుకు చెప్పేశాను. శనివారం ఒంటిగంటకు థియేటర్ మూసేస్తారు. ఆదివారం ప్రాణం మీదికొచ్చిన కేసులే తీసుకుంటారు. సోమవారమంటే నాలుగో రోజు. అప్పటికే టీచర్‌గారి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. పైగా నర్సింగ్‌రావుకు మధ్యాహ్నం మౌలాలిలో సొంత క్లినిక్. అతను ఆ రోజు కేసుల లిస్టు తీసి చూశాడు.

“పరేషాన్ గాకుండ్రి మేడం. మిగతా కేసులు ముందుగాల్ల చేసుకుందాం. నేనేడికి పోను.”

క్లినిక్ రోగుల్ని సాయంత్రం రమ్మని ఫోన్ చేశాడు. థియేటర్ సిస్టర్లు ఆలస్యమవుతుందని ఇళ్ళకు కబురు పెట్టారు. పాస్టరయ్యగారు మాత్రం బయట బెంచీ మీద తల దించుకుని కూర్చుండిపోయారు. ఎవరు ఇచ్చినా టీ ముట్టలేదు.

ఒకటిన్నరకు మొదలుపెట్టాం. ముసలి వెన్ను, పూసల మధ్య సందు దొరకదు. మూడోసారికి దొరికింది. మందు ఎక్కించి పావుగంట ఆగాను. తొడ మీద గిల్లితే అబ్బా అన్నారు. ఇంకాస్త ఆగి చూశాను, అదే మాట. మందు సగమే పట్టింది. ఇక పూర్తి మత్తు ఇవ్వక తప్పలేదు. తొమ్మిదింటికే మొదలుపెట్టి ఉంటే, ఆ రొట్టెతోనే ఇదే పని చెయ్యాల్సి వచ్చేది.

నర్సింగ్‌రావు తుంటి బంతి మార్చి కుట్లు వేశాక, టీచర్‌గారు కళ్ళు తెరిచారు. ఛాతీ మీద స్టెత్ పెట్టి రెండు వైపులా విన్నాను. గాలి బాగా ఆడుతోంది. హమ్మయ్య, నా ప్రాణం లేచొచ్చింది. బయటికెళ్ళి అయ్యగారికి చెబితే, అప్పుడు టీ అడిగారు. మర్నాడు ఆదివారం ఆవిడ వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేశారు.

సోమవారం కేసు షీటులో ఒక ప్రశ్న మార్పించాను. “ఏమైనా తిన్నారా” అన్నది కొట్టేసి, “రాత్రి పది తర్వాత రొట్టె, ప్రసాదం, తీర్థం, దర్గాలో ఇచ్చే తబర్రుక్, మాత్ర, ఏది నోట్లోకి వెళ్ళింది?” అని పేరుపేరునా రాయించాను. ఆ వారంలోనే అలా నోట్లో వేసుకున్నవాళ్ళు ముగ్గురు దొరికారు.