అరువు పేరుతో పోయిన తమ్ముడు

మా తమ్ముడి పేరు ఏ కాగితం మీదా లేదు. నేనూ ఇక్కడ రాయను. బతికినన్నాళ్లూ ఎవరికీ అక్కరలేని పేరు ఇప్పుడు నా రాతలో ఊరేగడం నాకిష్టం లేదు.

మాది ఏజెన్సీలో కొండ మీది ఊరు. కింద రోడ్డు పక్కన ఆశ్రమ పాఠశాల ఉండేది, పిల్లలకి తిండీ పడకా అక్కడే. ఆ బళ్లో ఒక పద్ధతి నడిచేది. ఎవడైనా పిల్లాడు ఉండలేక ఇంటికి పారిపోతే వాడి పేరు కొట్టేసేవారు కాదు. తలలు తగ్గితే బియ్యం తగ్గుతాయి, పంతులికి మాటొస్తుంది. అందుకని ఆ ఖాళీ పేరు కింద ఇంకో పిల్లాణ్ణి తెచ్చి కూర్చోబెట్టేవారు. సొంత పేరు వచ్చే ఏడు రాస్తామనేవారు. మా వాళ్లకి అందులో తప్పు కనపడలేదు. ఇంట్లో గొడ్డలి లేకపోతే పక్కింటిది తెచ్చుకుంటాం, పనయ్యాక ఇచ్చేస్తాం. పేరూ అంతే అనుకున్నారు. మా నాన్న కుండెడు జీలుగు కల్లు పట్టుకుని పక్క ఊరు వెళ్లి, పారిపోయి వచ్చిన పిల్లాడి తండ్రిని మర్యాదగా అడిగి మరీ ఆ పేరు తెచ్చాడు.

తమ్ముడు ఆ పేరు మీద బళ్లో చేరాడు. సెలవులకి ఇంటికొచ్చినా ఆ పేరుతో పిలిస్తేనే పలికేవాడు, వెధవ. అమ్మ పడీ పడీ నవ్వేది.

ఒక వానాకాలం వాడికి జ్వరం వచ్చింది. బాగా ముదిరాక జీపులో విశాఖపట్నం పెద్దాసుపత్రికి పంపారు. మాకు కబురు లేదు. నాన్న సంతకి వెళ్తూ బడి దగ్గర ఆగితే, పారిపోయాడు, మీ ఇంటికి రాలేదా అని పంతులే ఎదురడిగాడట. నాన్న అడవంతా గాలించాడు. ఆ దిగులుతోనే కొన్నేళ్లకి తనూ పోయాడు. చావు కబురు చల్లగా చెప్పడమంటారే, మాకు ఆ చల్లటి కబురు కూడా బడి చెప్పలేదు. జీపులో వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న వంటామె, ఆ పని మానేశాక వచ్చి అమ్మకి చెప్పింది. ఆసుపత్రిలోనే పోయాడనీ, అరువు పేరుతోనే పట్నంలో ఎక్కడో పూడ్చేశారనీ. శవాన్ని ఇంటికి తెస్తే పేరు సంగతి బయటపడుతుంది మరి.

మా ఊళ్లో మనిషి పోతే, పూడ్చిన చోటి మట్టి పిడికెడు పోసి దాని మీద రాయి నిలబెడతాం. రాయి లేనివాడికి పండగనాడు కూడు పెట్టరు. అంటే మా తమ్ముడు చచ్చి కూడా ఆకలితో తిరుగుతున్నాడని అమ్మ బాధ. ఆ పిడికెడు మట్టి కోసమే ఆమె మొన్నామధ్య కొండ దిగి, గాజువాకలో నా అద్దె గదికి వచ్చింది. నేను అక్కడ బట్టల కొట్లో బిల్లులు కొడతాను. సెలవు పెట్టి ఆమెను చదువుల ఆఫీసుకి తీసుకెళ్లాను.

అక్కడి అధికారి గోదావరి వైపు మనిషి, మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి టీ ఇప్పించాడు. పాత హాజరు పట్టీలు తుఫానులో తడిసిపోయాయనీ, మిగిలినవి చెదలు తిన్నాయనీ చెప్పాడు. ఆ చెదలకి ఎంత తెలివో! పంతుళ్ల సర్వీసు పుస్తకాల జోలికి పోలేదు, పిల్లల్నే తిన్నాయి.

"మీరు చెప్పే పేరు గల అబ్బాయి చనిపోలేదమ్మా. తర్వాత మళ్లీ బడికొచ్చి పదో తరగతి పాసయ్యాడు, చూడండి" అని కంప్యూటర్ మా వైపు తిప్పాడు. "ఆ ఏడు ఆ బళ్లో ఎవరూ పోలేదు."

"ఏటంతన్నాడే?" అంది అమ్మ.

"ఎవులూ సచ్చిపోనేదంట."

"మరి నా కొడుకో?"

"అలాంటోడే నేడంట."

అమ్మ టీ గ్లాసు ముట్టుకోకుండా లేచింది.

ఆసుపత్రి గుమాస్తా కాస్త నయం. ఎక్కడ పూడ్చారో పాత దస్త్రాల్లో వెతికిస్తానన్నాడు. కానీ అందుకు ముందు చావు కాగితం తీయాలనీ, చనిపోయినట్టు రాసున్న పేరు ఎవరిదో ఆ బిడ్డ తల్లే ఆ దరఖాస్తు మీద వేలిముద్ర వేయాలనీ అన్నాడు. మా అమ్మ కాగితం ప్రకారం వాడికి ఏమీ కాదు.

ఆ పేరు గలవాడు ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడని ఊళ్లో వాళ్లు చెప్పారు. తల్లి కూడా వాడి దగ్గరే ఉండి, రేవులో రొయ్యలు వలుస్తుందట. పొద్దున్నే చేపల వేలంపాట హడావిడిలో ఇద్దర్నీ పట్టుకున్నాం.

సంగతి విని వాడు ఐసు దిమ్మ కింద పెట్టేశాడు. "నా పేరున సావు కాయితమా? నాను బతికే ఉన్నాను గదా అక్కా! రేపు నన్నే సచ్చినోడంటే నానేటి సెయ్యాల?"

తప్పు మాట కాదు. అయినా వాడు ఊపిరి పీలుస్తుంటే కూడా నాకు ఒళ్లు మండింది. వాడి తల్లి వైపు తిరిగాను.

"నీ కొడుకు నీ పక్కలో తొంగున్నన్నాళ్లూ ఆడి పేరు మా తమ్ముడు మోసినాడు పెద్దమ్మా. ఆ పేరుతోనే సచ్చినాడు. నువ్వు ఒక ఏలిముద్ర ఎయ్యనేవా?"

పుండు మీద కారం చల్లుతున్నానని తెలుసు. కావాలనే చల్లాను. మా వాళ్లలో బతికున్న బిడ్డకి చావు మాట పలకడమే అరిష్టం. ఆ కాగితం మీద వేలు పెట్టడమంటే తన చేత్తో కొడుక్కి గొయ్యి తవ్వడమే. అదీ తెలిసే సిరా డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాను.

"వొద్దమ్మా" అన్నాడు వాడు. ఆమె వినలేదు. రొయ్యల తడి చెయ్యి చీరకి తుడుచుకుని, బొటనవేలు సిరాలో అద్దింది.

అది కాగితానికి ఆనేలోగా మా అమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది.

"వొద్దొదినా" అని, తన కొంగుతో ఆ వేలు మీది సిరా అంతా గట్టిగా తుడిచేసింది.

"ఏటి సేత్తన్నావమ్మా? మట్టి అక్కర్నేదా నీకు?" అని అరిచాను. వేలం దగ్గర జనం తిరిగి చూశారు.

"కావాల. కానీ సచ్చినోడు ఒక్కడేనే. రెండోవోణ్ణి నా సేత సంపించకు."

నాకు జాలి కలగలేదు. కోపమే వచ్చింది, ఇప్పటికీ ఉంది. దొంగ పేర్లు రాసినవాళ్లు హాయిగా ఉన్నారు, పాపపుణ్యాలన్నీ మా అమ్మే చూడాలి. ఆమె ఆ రోజే బస్సెక్కి కొండకి వెళ్లిపోయింది. నేను ఈ ఊళ్లోనే ఉన్నాను. ఎక్కడ పునాదులు తవ్వుతున్నా ఆగి, ఆ గోతిలోకి చూస్తాను.